ఏడో అధ్యాయంలో రక్తం సంచులు

మధ్యాహ్నం పన్నెండు దాటాక సూది ఫోన్ చేశాడు. సూది అంటే ఓ కంప్యూటర్ పుస్తకాల రచయిత్రికి పాత సహోద్యోగి. డేటాబేస్ పనిలో తల నెరిసినవాడు, తప్పు కనబడితే గుచ్చకుండా ఊరుకోలేడు గనక ఆ పేరు ఖాయమైంది. ఆమె తన పుస్తకం చిత్తుప్రతిని ఏరికోరి అతనికే ఇచ్చింది. డేటాబేస్ డెవలపర్లకు బిజినెస్ ఇంటెలిజెన్స్ నేర్పే పుస్తకం అది. పట్టికల్లో గుట్టలుగా పడి ఉన్న వివరాల్లోంచి, నిర్ణయాలు తీసుకునేవాళ్లకు ఒక్క చూపులో అర్థమయ్యే రిపోర్టులు ఎలా తీయాలో నాలుగు వందల పేజీల్లో చెప్పింది. నాలుగు రోజుల్లో అచ్చుకు వెళ్లాలి.

"మీ ఏడో అధ్యాయం ఉదాహరణ నడిపి చూశాను," అన్నాడు సూది. "రక్తం సంచులు పది ఉంటే మీ రిపోర్టు ఇరవై చూపిస్తోంది. ఒక్కో సంచికి రెండు పరీక్షలు కదా? పరీక్షల పట్టికతో కలపగానే ప్రతి సంచీ రెండు వరుసలైంది. మీరేమో వరుసలు లెక్కపెట్టారు. ఈ తప్పు చేయొద్దని నాలుగో అధ్యాయంలో మీరే చీవాట్లు పెట్టారు మహాతల్లీ!"

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆ ఉదాహరణ కల్పించింది కాదు. తాను పనిచేసే ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు కోసం రెండేళ్ల కిందట తానే రాసిన రిపోర్టు. కొత్తది ఆలోచించడానికి బద్ధకించి, పేర్లు మార్చి పుస్తకంలో పెట్టేసింది. అప్పట్లో సంచికి ఒకే పరీక్ష చొప్పున ఉత్తుత్తి వివరాలు వేసి చూసుకుని, బ్రహ్మాండంగా ఉందని తన భుజం తానే తట్టుకుంది.

ఆ ఆసుపత్రిలోనే ఒంటిగంటకు ఆమె చెల్లెలికి ఆపరేషన్. చెల్లెలిది ఒక పట్టాన దొరకని గ్రూపు. మూడు సంచులు సిద్ధంగా ఉంటే తప్ప కత్తి పట్టనని డాక్టరమ్మ ముందే చెప్పింది.

చెల్లెలి బట్టలు తెద్దామని ఇంటికొచ్చిన మనిషి, ఉత్త చేతులతోనే వీధిలో పడింది. పరుగెడుతూనే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసింది. ఎంతసేపటికీ ఎంగేజే. ఎదురుగా వస్తున్నవాళ్లు తప్పుకుని దారి ఇచ్చారు.

బ్లడ్ బ్యాంకు చూసుకునే పెద్దాయనను అందరూ లెక్కల మాస్టారనే పిలుస్తారు. ఆమె రొప్పుతూ చెప్పిందంతా ఆయన నిమ్మళంగా విన్నాడు.

"ఓస్, ఇదా! మీ స్క్రీను రెట్టింపు చూపిస్తుందని మాకు మొదట్నుంచీ తెలుసమ్మా. సగం చేసి రాసుకుంటున్నాం. పొద్దున మీ చెల్లెలి గ్రూపుకు ఆరు చూపించింది, మూడున్నాయని డాక్టరమ్మకు చెప్పేశాను."

"రెండేళ్లుగా తెలిసీ నాకొక్క మాట చెప్పలేదేం మాస్టారూ?"

"మీరు పుస్తకాలు రాసేవారు. అందులో ఏదో కిటుకు ఉండే ఉంటుందిలే అనుకున్నాం."

ఆమె గుండె కాస్త కుదుటపడింది. అంతలో ఆయన వెనక గోడకు అంటించిన కొత్త కాగితం కనబడింది. ఈ సోమవారం నుంచి ప్రతి సంచికీ మూడో పరీక్ష తప్పనిసరి. పుస్తకం కోసం సెలవు పెట్టడంతో ఆ సంగతి ఆమెదాకా రాలేదు. ఆరును మూడుతో భాగిస్తే రెండు.

"ఫ్రిజ్ తెరవండి," అంది.

చెల్లెలి గ్రూపు సంచులు రెండే ఉన్నాయి. మాస్టారు కింది అరలు కూడా వెతికాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గరే స్ట్రెచర్ ఆగి ఉంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"ఆపండి! రక్తం రెండు సంచులే ఉంది. తప్పు నాది. ఆ లెక్క రాసింది నేనే."

డాక్టరమ్మ కుళాయి కట్టేసి ఆమెవైపు చూసింది. ఆ చూపుకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది. చెల్లెలు మాత్రం మత్తుమందు ముందున్న భయంలోనూ, "అక్కా, నీ పుస్తకం చదివినవాళ్లు ఏమైపోతారే?" అని నవ్వింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

మూడో సంచి వేరే ఆసుపత్రి నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఆపరేషన్ మొదలుపెట్టలేదు. సాయంత్రం నర్సు బయటికి వచ్చి చెల్లెలు క్షేమమని చెప్పింది. ఆ మూడో సంచి కూడా ఎక్కించాల్సి వచ్చిందని మామూలుగా చెప్పేసి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె బ్లడ్ బ్యాంకులో కూర్చుని, ముందు సంచులు లెక్కపెట్టి ఆ తర్వాతే పరీక్షలతో కలిపేలా రిపోర్టు తిరగరాసింది. చెల్లెలి గ్రూపు పక్కన సున్నా వచ్చింది. మాస్టారు ఫ్రిజ్ తెరిచి చూసి తలూపాడు. అలవాటుగా పెన్సిల్ తీసి, లెక్కల పుస్తకం మీద పెట్టి ఆగిపోయాడు.

"దీన్నీ సగం చేయాలా అమ్మా?"

"వద్దు మాస్టారూ. ఇకమీదట తేడా అనిపిస్తే సగం చేయకండి. నన్ను పిలిచి తిట్టండి."

ఆయన సరేనన్నాడు. నాలుగు వందల పేజీల్లో ఎక్కడా పిలిచి తిట్టమన్న మాట రాయలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.