పదో వీధిలో ఎర్ర బొమ్మ

సాయంత్రం అయిదయ్యేసరికి పదో వీధిలోని ఆ మేడని వెచ్చబరిచే ఆవిరి గొట్టాలు కట్టేసేవారు. కింద పరుపుల కార్ఖానా మూశాక అక్కడ మనుషులెవరూ ఉండకూడదని న్యూయార్క్‌లో చట్టం. పై అంతస్తుల్లో చిత్రకారులు దొంగచాటుగా కాపురముండేవారు. పగలు మంచాలు కేన్వాసుల వెనక దాచి, చీకటిపడ్డాక వాల్చుకునేవారు.

మూడో అంతస్తులో విల్మా డ్రాస్కోవిచ్ గదిలో మాత్రం చలి ఉండేది కాదు. ఆవిడ తమ్ముడు కొరియా యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఆ కబురు విన్నాక ఆవిడ గోడంత కేన్వాసు నేలమీద పరిచి, ఎరుపూ నలుపూ కుమ్మరించి, చీపురుతో ఈడ్చింది. అందులో చెట్టు లేదు, ముఖం లేదు. ఏడుపు ఎంతమేర సాగిందో అంతమేరా రంగే. గోడకి ఎత్తి మేకులు కొట్టిన రోజు నుంచీ ఆ బొమ్మ వేడి కక్కేది. కింద కార్ఖానాలో పరుపులు కుట్టే సాల్ తడిసిన మేజోళ్ళు తెచ్చి దాని ముందు ఆరేసుకునేవాడు.

"నలుపు పక్క సరిగ్గా కాగట్లేదమ్మా, ఇంకాస్త ఎరుపు పడాల్సింది," అని సలహా కూడా ఇచ్చేవాడు.

ఎదురు గదిలో ఆన్సెల్ టోరీ. అతనూ చిత్రకారుడే. ఊపిరితిత్తులు చెడిన మనిషి. చలికాలమంతా ఆ బొమ్మకి వీపానించే కునుకు తీసేవాడు.

జనవరిలో గ్యాలరీ నడిపే కెసెల్ గారు వచ్చారు. బొమ్మ ముందు నిలబడి కోటు విప్పేశారు.

"ప్రదర్శనలో పెద్ద గోడ మీకేనండీ. ఇదొక్కటీ చాలు."

ఇన్నేళ్ళుగా బార్లో మగ చిత్రకారులు విల్మాని "కుంచెలు కడిగే పిల్ల" అనేవారు.

"పట్టుకెళ్ళవే," అన్నాడు ఆన్సెల్, కెసెల్ గారు వెళ్ళాక. "నాకోసం ఆగావంటే..." దగ్గుతో మాట తెగింది. రుమాల్లో నెత్తురు.

"నోర్మూసుకో," అని విల్మా కత్తెర తీసి, బొమ్మ అంచు నుంచి తువ్వాలంత ముక్క కోసి, అతని చొక్కా లోపల చుట్టింది.

"ఏం పనే ఇది, పిచ్చిదానా!"

"వెచ్చగా ఉందా లేదా?"

"ఉంది."

"అయితే ఊరుకో."

తెల్లారేసరికి మిగతా బొమ్మంతా చల్లబడిపోయింది. కెసెల్ గారు మళ్ళీ వచ్చి దానిమీద అరచెయ్యి ఆనించి చూసి, కోటు బొత్తాలు పెట్టుకున్నారు. వెళ్తూ ఎదురు గదిలోకి తొంగి చూశారు. ఆన్సెల్ చొక్కా లోపలి ముక్క వేడితో ఆ గది వెచ్చగా ఉంది. గోడలకి అతని బూడిదరంగు బొమ్మలు.

"ఇవి మీవేనా?" అన్నారు, మళ్ళీ కోటు విప్పుతూ.

ఆన్సెల్ విల్మా వైపు చూశాడు.

"పెట్టుకో. ఆ గోడ ఖాళీగా ఉంటే నాకేం ఒరుగుతుంది?" అంది విల్మా.

ప్రదర్శన రోజు జనం ఆన్సెల్ చుట్టూ మూగారు. "బూడిద రంగులో ఇంత వెచ్చదనమా!" అంటున్నారు పత్రికలవాళ్ళు, అతన్ని ఆనుకుని నిలబడి. అతను విల్మాని చూసి నోరు తెరిచాడు. ఇంతలో కెసెల్ గారు చెయ్యి పట్టుకుని ఇంకో గుంపులోకి తీసుకెళ్ళారు. అతను వెళ్ళాడు.

మర్నాడు ఎర్ర ముక్క మడతపెట్టి తెచ్చాడు. తల ఎత్తలేదు.

"తీసేసుకోవే. అక్కడ నిజం చెప్పలేకపోయాను."

"చలి ఇంకా పోలేదు. కట్టుకో," అంది విల్మా.

అతను చొక్కా బొత్తాలు విప్పాడు. అంత త్వరగా కట్టేసుకుంటాడని ఆవిడ అనుకోలేదు.