రెండో బ్రేకు

అయినా చెవి దురద పెడితే గోక్కోవడం కూడా తప్పేనా, అనుకున్నాడు డ్రైవింగు మాస్టారు, నిన్న కుడి చెవి గోక్కున్నందుకు శిక్షకుడు ఫోనులో మాట్లాడుతున్నాడని రాసేసుకుని మూడు మార్కులు కోసింది ఆ కెమెరా, అద్దం పక్కన ఉసిరికాయంత ఉంటుంది, రెప్ప లేదు దానికి, ఆవులిస్తే నిద్ర అంటుంది, కిటికీలోంచి బయటికి చూస్తే పరధ్యానం అంటుంది, ముప్ఫై ఏళ్ళు ఈ పక్క సీట్లో కూర్చుని ఊళ్ళో సగం మందికి కారు నేర్పినవాడికి నిన్నగాక మొన్న పుట్టిన గాజుకన్ను బుద్ధులు నేర్పుతోంది, అంతా మీ మంచికే కదా మాస్టారూ అంటాడు స్కూలు ఓనరు, రేపేదైనా జరిగితే మీ తప్పు లేదని చూపించుకోవచ్చు అంటాడు, మంచికట మంచికి, మెడకు పలుపు కట్టి హారం వేశాననే రకం, నెమ్మది, నెమ్మదమ్మా, ముందు సైకిలుంది చూడండి, చూశాను మాస్టారూ అంది స్టీరింగు పట్టుకున్న టైలరమ్మ, యాభై దాటిన మనిషి, కుట్టిన బట్టలు తనే తీసుకెళ్ళి ఇచ్చుకోవాలని నేర్చుకుంటోంది, పాతికేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలేమో యాక్సిలరేటరునూ అలాగే టకటకా ఆడిస్తుంది, కారు రోడ్డు పొడుగునా కుట్లు వేసుకుంటూ పోతున్నట్టుంటుంది, అది మిషను కాదమ్మా, తొక్కి అలా పట్టుకోవాలి, నేనేం చెయ్యను మాస్టారూ, తల వింటుంది గానీ కాలు వినదు, అందామె నవ్వుతూ.

తొడ కింద ఫోను వెచ్చగా తగులుతోంది, కెమెరా కంటబడకుండా అక్కడ దాచుకున్నాడు, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు పెద్దలు, అది వీణ్ణి చూస్తుంటే వీడు ఇంకొకరిని చూస్తున్నాడు, చేత్తో మోకాలు రుద్దుకున్నట్టు నటించి ఫోను కొంచెం బయటికి లాగాడు, పటం మీద నీలం చుక్క, ఆ చుక్క అతని కూతురు, రక్తపరీక్షల లాబులో పనిచేస్తుంది, పొద్దున డ్యూటీ ఉందని చెప్పి బయల్దేరింది, పదకొండింటికి చుక్క లాబు దగ్గర లేదు, పాత మిల్లు వైపు పోతోంది, ఈ నెలలో ఇది మూడోసారి, మూడుసార్లూ బుధవారమే, మూడుసార్లూ ఇదే వేళకు, నాలుగు నెలల కింద పాత కారొకటి కొనిచ్చినప్పుడు స్టీరింగు కింద అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెట్టించాడు, పెట్టిన ఎలక్ట్రీషియను, బండి ఎక్కడుందో ఫోనులో కనబడుతుంది, దొంగలు ఎత్తుకుపోతే ఇంట్లో కూర్చునే ఆపెయ్యొచ్చు మాస్టారూ అన్నాడు, దొంగల కోసమే అని తనూ అనుకున్నాడు, కూతురికి చెప్పలేదు, దొంగల కోసమైతే చెప్పొచ్చుగా, చెప్పలేదు, భార్యకు మాత్రం ఒకరోజు నోరు జారితే ఆవిడ గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయి, నీ కాలు ఇంట్లో కూడా బ్రేకు మీదే ఉంటుందిరా దేవుడా అంది, నిద్రలో మంచం కోడు తంతావు, బస్సెక్కితే ముందు సీటు తంతావు, ఇరవయ్యారేళ్ళ పిల్ల, ఎక్కడికో వెళ్తుంది, వెళ్ళనీ, వెళ్ళనీ అనడం తేలిక, ఆవిడ ఎప్పుడైనా ఈ సీట్లో కూర్చుందా, ఎదురుగా లారీ వస్తుంటే పక్కవాళ్ళ చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చోవడం ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు.

ఈ సీట్లో కూర్చోవడం తనకు నేర్పింది మేస్త్రీ, అందరూ అలాగే పిలిచేవారు, అసలు పేరు ఎవరూ అడగలేదు, రంగు వెలిసిన కారు ఒకటీ నోటినిండా తిట్లూ ఆయన ఆస్తి, నేర్పేవాడి కాలి కింద ఉండే ఈ రెండో బ్రేకు కాళ్ళతో వాడేది కాదురా, సిగ్గుతో వాడాలి, అనేవాడు, నువ్వు తొక్కిన ప్రతిసారీ అవతలివాడి కాలు కొంచెం చచ్చిపోతుంది, అందుకే ఆఖరి రోజు పాఠం వేరేగా ఉండేది ఆయన దగ్గర, రోడ్డెక్కే ముందు చెప్పులు విడిచి కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కుని పీట మీద కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు, ఇక బ్రేకు ఒక్కటే ఉంది, అది నీ కింద ఉంది, పోనీ, అనేవాడు, నేర్చుకునేవాళ్ళు ఓరకంట ఆ మడిచిన కాళ్ళు చూసేవారు, ముఖం మారిపోయేది, వీపు నిటారయ్యేది, ఆ వీపు చూడటానికే ఈ ఉద్యోగం చెయ్యొచ్చు అనిపించేది, తనూ అలాగే చేశాడు, వందల మందికి చేశాడు, మోకాళ్ళు పట్టేసిన రోజుల్లోనూ చేశాడు, ఇప్పుడు చెయ్యలేడు, ఆరు నెలల కింద కెమెరాతోపాటు పెడలు కిందా ఏదో అమర్చారు, కాలు తీస్తే చాలు పైనుంచి ఒక ఆడగొంతు, శిక్షకులు దయచేసి పాదం పెడలు మీద ఉంచండి, అంత మర్యాదగా తనను ఎవరూ అవమానించలేదు ఈ జన్మలో, టైలరమ్మ ఆఖరి పాఠం ఎల్లుండి, ఆమెకు ఎవరి కాళ్ళు చూపించాలి.

కూతురికి చూపించావా మరి, అని అడిగింది లోపల ఏదో, అప్పటికి కెమెరా లేదుగా, కిందటి ఏడు నేర్పావుగా, అవును, నలభై రోజులు నేర్పాడు, ఎవరికీ అన్ని రోజులు నేర్పలేదు, గురివింద గింజకు తన కింది నలుపు కనబడదంటారు గానీ కనబడుతుంది, మెడ వంచి చూస్తే, వంచడమే కష్టం, నాలుగో రోజు అనుకుంటా, కూరగాయల సంత మలుపులో ఒక ముసలాయన గొడుగుతో అడ్డం వచ్చాడు, కారు టక్కున ఆగింది, తన కాలు తొక్కింది, పిల్ల కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది, పిల్ల రెండు కళ్ళూ ఇంత చేసుకుని, నేనే ఆపానా నాన్నా, అంది, ఆ ముఖం చూసి కాదనలేకపోయాడు, నువ్వేనమ్మా అన్నాడు, ఒక్క మాట, ఒక్క రోజు, దాంతో పోయేది, కానీ మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది, ఆగిన ప్రతిసారీ తన వైపు తిరిగి, నేనే ఆపానా నాన్నా, నువ్వే తల్లీ, నేనేనా, నువ్వే, ఆఖరికి లైసెన్సు పరీక్ష కూడా స్కూలు కారులోనే పాసయింది, ఆ రోజూ పక్క సీట్లో తనే, ఇంటికొచ్చేటప్పుడు, అందరికీ కాళ్ళు మడుచుకుని కూర్చుంటావట కదా, నాకెప్పుడు, అంది, చూద్దాంలే అన్నాడు, ఆ చూద్దాం ఇంకా అలాగే ఉంది.

చుక్క ఆగింది.

పాత మిల్లు వెనక, ఎవరికీ ఏ పనీ ఉండని చోటు, తుప్పు గేట్లూ తుమ్మచెట్లూ తప్ప ఏముందక్కడ, ఎవడో ఉన్నాడు, తప్పకుండా ఎవడో, మంచివాడైతే ఇంటికే తెచ్చేదిగా, డ్యూటీ అని అబద్ధం ఎందుకు, తనకు అబద్ధం చెబుతుందా, తన కూతురు, వేగం ఎన్నడూ ముప్ఫై దాటని పిల్ల, ఫోనులో రోజూ చూసి మురిసిపోయేవాడు, ఎద్దుబండి నయం అని నవ్వుకునేవాడు, అంత జాగ్రత్త తన పెంపకమేనని ఓనరుతో కూడా గొప్పలు పోయాడు, ఇదీ ఆ జాగ్రత్త, తొడ కింద బొటనవేలు దానంతటదే ఎర్ర గుర్తు మీదికి పోయింది, వాహనం కదలకుండా చేయాలా అని అడిగింది ఫోను, ఓనరు కన్నా మర్యాద దానికి, అవును, నొక్కాడు, చిన్న తాళం బొమ్మ వచ్చి చుక్క మీద కూర్చుంది, ఇక ఆ బండి స్టార్టవదు, ఎవడితో ఉందో వాడితో కలిసి తోసుకోమను, ఒక్క క్షణం హాయిగా ఉంది, నిజం చెప్పుకోవాలంటే చాలా హాయిగా ఉంది, ఆ వెంటనే మిల్లుకు పోయే మలుపు కోసం చూశాడు.

ఎడమకి తిప్పండమ్మా, ఎడమకా మాస్టారూ, రోజూ నేరుగా వెళ్తాం కదా, ఇవాళ కొత్త దారి, కొత్త దారులు రావాలి, ఆమె తిప్పింది, టకటకా టకటకా, కారు వెక్కుతూ వెక్కుతూ పోయింది, మెకానిక్కు షెడ్లు, టైర్ల గుట్టలు, ఒక గోడ నిండా చింపిన పోస్టర్లు, మీకు ఒంట్లో బాలేదా మాస్టారూ, చెమట పడుతోంది, ఏం లేదమ్మా, ఎండ, అక్కడికెళ్ళి ఏం చేస్తాడు, ఏం అడుగుతాడు, నేను ఈ దారినే పోతూ చూశాను అంటాడు, పాఠం చెబుతూ ఇటొచ్చాను అంటాడు, ఇంకో అబద్ధం, పర్లేదు, అబద్ధాలు చెప్పడంలో మనది పాత చెయ్యి, మా ఆయన పక్కన కూర్చుంటే అరుస్తాడు మాస్టారూ, అంటోంది టైలరమ్మ, మీరు అరవరు, అందుకే మీ దగ్గర భయం లేదు, ఏదైనా అయితే మీ కాలు ఉందిగా అని ధైర్యం.

కూతురి కారు గేటు బయట నీడలో ఉంది, ఖాళీగా, గోడ పడిపోయిన చోట లోపల మిల్లు ఆవరణ అంతా కనబడుతోంది, ఎవడూ లేడు, ఇటుకలు వరసలుగా పేర్చి ఉన్నాయి, వాటి మధ్య ఒకప్పుడు నీలం రంగుదేమో అనిపించే కారొకటి తిరుగుతోంది, ఆ కారు తనకు తెలుసు, దాని దగ్గు కూడా తెలుసు, ఇంకా బతికే ఉన్నాడా ఈయన, స్టీరింగు దగ్గర తన కూతురు, పక్క సీట్లో మేస్త్రీ, తల ముగ్గుబుట్ట అయిపోయింది, కిటికీ దాకా లేచిన రెండు మోకాళ్ళు, బాసింపట్టు, ఒడిలో రెండు చేతులు, ఎటో చూస్తున్నాడు, తనే కదా అన్నం తినేటప్పుడల్లా ఆయన కథలు చెప్పాడు, వందసార్లు చెప్పాడు, పిల్ల విని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది, లైసెన్సు ఉన్న పిల్ల, సొంత కారున్న పిల్ల, మాస్టారి కూతురు, మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకోవడానికి వచ్చింది, ముప్ఫై దాటని ఆ వేగం జాగ్రత్త కాదు, భయం, తన కాలు ఆపగలదో లేదో తెలియక బతుకంతా ముప్ఫైలో పోతున్న పిల్ల భయం, నీలం కారు వేగంగా వస్తోంది, ముప్ఫై కాదు, యాభై ఉంటుంది, ఎదురుగా మిల్లు గోడ, ఇప్పుడు తొక్కాలి, ఇప్పుడు, తల్లీ ఇప్పుడు తొక్కు, ఆమె ఇంకా తొక్కలేదు, ఇంకో రెండు బారలు వచ్చాక తొక్కింది, కారు ఒద్దికగా గోడ ముందు ఆగింది, మేస్త్రీ అటు తిరగనైనా తిరగలేదు.

నేను తొక్కలేదు మాస్టారూ, అంటోంది టైలరమ్మ కంగారుగా, నేనసలు తొక్కలేదు, దానంతటదే ఆగిపోయింది, వెనక ఎవరో హారను కొడుతున్నారు, చూసుకుంటే తన కుడి కాలు పెడలును నేలకంటా తొక్కి పట్టి ఉంది, ఎప్పుడు తొక్కాడో తెలియదు, తీయమంటే రావడం లేదు.

కూతురు కారు దిగింది, నవ్వుతోంది, మేస్త్రీతో ఏదో అని గేటు దాటి తన కారు దగ్గరికి వచ్చింది, ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నాళ్ళైంది, అయ్యో తాళం, అనుకుని ఫోను లాగాడు, పైనుంచి మర్యాద గొంతు హెచ్చరించింది, పోతే పోనీ మార్కులు, విడుదల చేయి అని నొక్కాడు, తెర మీద సున్నా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, అవతల ఆమె కూర్చుని తాళంచెవి తిప్పింది, రాలేదు, మళ్ళీ తిప్పింది, రాలేదు, బండి మొరాయిస్తే ముందు బానెట్టెత్తి బ్యాటరీ తీగలు చూడాలని తనే నేర్పాడు, ఆమె బానెట్టు ఎత్తలేదు, మేస్త్రీని పిలవలేదు, ఆ డబ్బా సంగతి వాళ్ళమ్మ చెప్పేసిందేమో, నెమ్మదిగా దిగి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది, పోయిన వస్తువు కోసం కాదు, తప్పకుండా ఇక్కడే ఉండే మనిషి కోసం చూసినట్టు చూసింది, చూపు వచ్చి స్కూలు కారు మీద ఉన్న పసుపు బోర్డు దగ్గర ఆగింది, కోపం లేదు ముఖంలో, ఉంటే బాగుండేది, ఆమె ఫోను తీసింది, అతని చేతిలో ఫోను మోగింది.

నువ్వే ఆపావా నాన్నా, అంది.

అదే గొంతు, కూరగాయల సంత దగ్గరి గొంతు, రోజూ ఆగిన ప్రతిసారీ తన వైపు తిరిగిన అదే గొంతు, ఇంత కూడా మారలేదు, అప్పుడు అతనికి తెలిసింది, పెడలు కదిలితే చప్పుడవుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళకు వినబడుతుంది, మొదటిసారే విని ఉంటుంది, అన్ని రోజులూ పిల్ల మెచ్చుకోలు కోసం అడగలేదు, తెలియక అడగలేదు, ఒక్కసారైనా నాన్న నిజం చెబుతాడేమోనని అడిగింది, తను ప్రతిసారీ నువ్వే తల్లీ అన్నాడు, తీయనా మాస్టారూ బండి అంటోంది టైలరమ్మ, మీరు కాలు తీస్తే.