రబ్బరు మూతల బేరింగులు

రిక్షావాలా ఆక్సిజన్ సిలిండర్‌ను మెయిన్ రోడ్డు మీదే దించేసి వెళ్లిపోయాడు. అతని తప్పు కాదు. కరోనా ఇళ్లు ఎక్కువగా ఉన్నాయని ఖటోదరా పేట వెనకాల నేతవాళ్లుండే ఆ గల్లీకి వెదురు కర్రలు అడ్డం కట్టారు. పైగా మురికి కాలువ కోసం దారంతా తవ్వి, ఇసుకా మట్టీ పోసి ఉన్నాయి.

సింధూజ భుజం దాకా వచ్చే ఇనుప సిలిండర్ అది. ఆమె, పక్కింటి ఐలమ్మ కలిసి పట్టినా కదల్లేదు. గల్లీలో మోయగల మగవాళ్లలో కొందరు జ్వరంతో పడుకుని ఉన్నారు, కొందరు రైలెక్కి సొంతూళ్లకు వెళ్లిపోయారు.

"దొర్లిద్దామా బిడ్డా?" అంది ఐలమ్మ.

"వద్దు పెద్దమ్మా. మూతికి దెబ్బ తాకితే కష్టం. నువ్విక్కడ్నే ఉండు, నా చక్రాల బోర్డు తెస్త."

ఇంట్లో తండ్రి రవీంద్ర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దంతా సాంచల దగ్గర నిలబడి బట్ట నేసే మనిషి, ఇప్పుడు కూర్చునే ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. అడిగి తెచ్చుకున్న చిన్న సిలిండర్‌తో రెండు రోజులుగా నెట్టుకొస్తున్నారు.

"సిలిండర్ ముల్లు ఎర్ర గీత మీదికొచ్చింది. జర జల్ది కానీ," అంది తల్లి భాగీరథి, మొగుడి వీపు రుద్దుతూనే.

సింధూజ మంచం కింద నుంచి స్కేట్‌బోర్డు లాగి చక్రాలు తిప్పి చూసింది. రెండు కరకరమన్నాయి. ఒకటి అసలు తిరగలేదు. వేగం కోసం తనే ఆ చక్రాల లోపలి బేరింగుల మూతలు పీకేసింది. దుమ్మంతా లోపలికి పోయింది.

డబ్బాలో ఇంకో రెండు రకాల బేరింగులున్నాయి. ఒక రకం దోస్తు ఆదర్శ్ ఇచ్చినవి. మూతలుండవు, మెరుస్తుంటాయి, వేలితో తడితే చాలాసేపు తిరుగుతాయి. రెండో రకం ఆమె మొదటి బోర్డువి. రెండు వైపులా నల్ల రబ్బరు మూతలు, లోపల చిక్కటి గ్రీజు. తిప్పితే వెంటనే ఆగిపోతాయి. చక్రానికి రెండు చొప్పున ఎనిమిదీ మార్చడానికి టైముంది గానీ, తప్పు రకం పెడితే మళ్లీ మార్చే టైము లేదు. చెయ్యి మెరిసేవాటి మీదికే పోతోంది.

ఫోను స్పీకర్లో పెట్టి, పానాతో నట్లు విప్పుతూ ఆదర్శ్‌ను అడిగింది. ఆల్థాన్‌లో ఆమెతో కలిసి స్కేటింగ్ చేసే కుర్రాడు. వాళ్ల నాన్న హజీరా ఫ్యాక్టరీల్లో ఇంజనీరు.

"నేనే వచ్చేవాణ్ణి సింధూ, నాకూ పాజిటివ్ వచ్చింది," అన్నాడు. "నేనిచ్చినవి మాత్రం పెట్టకు. దారిలో ఇసుకుందన్నావుగా, సగంలో పట్టేస్తాయి. రబ్బరు మూతలవి పెట్టు."

"అవి తిరుగుతలేవు ఆదర్శ్. ఖాళీ చక్రమే తిరుగుతలేదు, అంత బరువు ఎట్ల గుంజుతది?"

"గ్రీజు వల్ల అలా ఉంటుంది. నెడితే కదులుతాయి."

"పక్కానా?"

"సిలిండర్ ఎప్పుడూ పెట్టి చూళ్లేదు. కానీ నేనైతే అవే పెడతాను."

వెనక నుంచి తండ్రి దగ్గు వినిపించింది. సింధూజ నల్లవాటిని చేతిలోకి తీసుకుంది. ఒక బేరింగు జారి కిందపడి దొర్లితే, వెతికి తెచ్చి ఎనిమిదీ బిగించింది.

సిలిండర్‌ను బోర్డు మీదికి వాల్చి, ఐలమ్మ పాత చీరతో కట్టారు. వెదురు కర్రల కింద నుంచి దూర్చి, ఐలమ్మ ముందు లాగింది, సింధూజ వెనక నుంచి నెట్టింది. బోర్డు మొండిగా కదిలింది. ఇసుక కుప్ప దగ్గరకు రాగానే ఒక్కసారిగా ఆగింది. చక్రాలు పట్టేశాయి, అనవసరంగా ఇవి పెట్టానని సింధూజకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఐలమ్మ వంగి, ముందు చక్రాన్ని వేలితో కదిపి చూసింది. "చక్రం మంచిగనే తిరుగుతుంది. ఇసుకల దిగబడ్డది, అంతే. గా కొస లేపు."

లేపారు. మళ్లీ దిగబడింది, మళ్లీ లేపారు. చక్రాలు మాత్రం గుమ్మం దాకా ఆగలేదు.

ఒక సిలిండర్ నుంచి ఇంకోదానికి గొట్టం మార్చే ఆ కాసేపూ రవీంద్ర కళ్లు పైకి తేలిపోయాయి. చివరికి గొట్టానికున్న సీసాలో నీళ్లు బుడబుడమన్నాయి. వేలికి పెట్టిన మిషన్‌లో అంకె చాలాసేపటికి గానీ పెరగలేదు. పెరిగాక కూడా భాగీరథి దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం వెనక వరస ఇళ్ల నుంచి నర్సింగం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అమ్మకు సిలిండర్ దొరికింది. రోడ్డు మీదున్నది. మీ బండి జర ఇస్తరా?"

సింధూజ బోర్డు వైపు చూసింది. నాన్న సిలిండర్ ఖాళీ అయితే? రేపు బోర్డు మనకే కావాల్సొస్తే, అక్కడ విరిగిపోతే? తండ్రి మాస్కు పక్కకు జరిపి, "ఇయ్యి బిడ్డా," అన్నాడు.

"నేను గూడ వస్త," అంది సింధూజ లేస్తూ. "ఇసుకల ఎట్ల లేపాల్నో నీకు తెల్వది."

రవీంద్రకు మర్నాడు ఆసుపత్రిలో మంచం దొరికింది. వానలు మొదలయ్యాక ఇంటికొచ్చాడు, చిక్కిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ. నర్సింగం తల్లి ఆ వారంలోనే పోయింది. అయినా ఆ మే నెలంతా ఎవరి సిలిండర్ వచ్చినా నర్సింగమే వెదురు కర్రల దగ్గరకు ముందుగా వెళ్లి, సింధూజతో కలిసి ఆ బోర్డు లాగాడు.