శుక్రవారం బడి

అరకు సంతలో పసుపు కొమ్ముల రాశుల పక్కన గోనెపట్టా పరుచుకుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దే ఆవిడను చూసి టూరిస్టులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునేవారు. ఆమె ఎందుకలా సంతలో కూర్చుందో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆమె పేరు రమణి. కొండ మీది గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. ఏడాదిన్నరగా సస్పెన్షన్‌లో ఉంది.

ఆమె చేసిన నేరం వింటే మీరు నవ్వుతారు. చైత్రంలో గిరిజనులు చేసుకునే వేట పండగకు, ఇటుకల పండగకు, పిల్లలను మూడు రోజులు ఇళ్ళకు పంపింది. పంపకపోతే గోడ దూకి పోతారు, పోయినవాళ్ళు వానలు పడేదాకా తిరిగిరారు. మాట తీసుకుని పంపితే చెప్పిన రోజుకు వచ్చేస్తారు. ఆ కొండల్లోనే పుట్టి, ఆ బడిలోనే చదువుకున్న మనిషికి ఈ సంగతి తెలుసు. తనిఖీకి వచ్చిన అధికారికి మాత్రం ఖాళీ బడి కనిపించింది. అనుమతి లేకుండా అరకు దాటరాదనీ, బడి గడప తొక్కరాదనీ ఆర్డరు వచ్చింది. విచారణ మాత్రం మొదలే కాలేదు.

అద్దె గదిలో ఉదయం తొమ్మిదయ్యేసరికి రమణికి కాళ్ళు నిలిచేవి కావు. ఇప్పుడు ప్రార్థన, ఇప్పుడు హాజరు అనుకుంటూ ఒక్కో పిల్ల పేరూ వరసగా చదివేది. పలికేవాళ్ళు లేక ఏడుపొచ్చేది. ఆమె లేని బడిలో ఉండలేక సగంమంది ఇళ్ళకు చేరారని తెలిశాక ఆ బెంగ రెట్టింపయింది. వాళ్ళు తల్లిదండ్రుల వెంట సంతకు వచ్చే శుక్రవారం కోసం వారమంతా ఎదురుచూసేది.

ఆ పిల్లల్లో ఒకతె చిట్టి, ఆరో తరగతి సగంలో ఆపేసింది. ఆ పిల్ల తండ్రి సుక్రు ఒక మంచిపని తలపెట్టాడు. తమ మేడం సస్పెన్షన్‌లో ఉండి కూడా సంతలో పిల్లలకు చదువు చెబుతున్నారనీ, అంత మంచి మనిషిని బేగి బడికి పంపాలనీ ఊరందరి వేలిముద్రలతో గిరిజన సంక్షేమ ఆఫీసుకు అర్జీ పెట్టించాడు. ఆఫీసు దాన్ని మరోలా చదువుకుంది. సస్పెన్షన్‌లో ఉండగా రూలుకు విరుద్ధంగా ఆమె వేరే ఉద్యోగం చేస్తోందని ఊరే సాక్ష్యమిచ్చింది కదా అని, సగం జీతంగా ఇస్తున్న భృతి కూడా ఆపేసింది. రమణి హైకోర్టులో కేసు వేయించింది.

ఆమె లాయరు భానుశ్రీ ఒక దగ్గరి దారి చెప్పింది. పాఠాలేవీ చెప్పలేదనీ, ఆ అర్జీ అభిమానం కొద్దీ రాసిందేననీ సంతకం చేస్తే డబ్బు వెంటనే వస్తుందంది. సుక్రు కూడా పరుగున వచ్చాడు.

"నా తెలివితక్కువ పనికి నీ కూడు పోనాది మేడం. ఆ ఏలిముద్రలు ఉత్తుత్తివని నేనే సెప్పేత్తాను."

ఇంటాయన గది ఖాళీ చేయమంటున్నాడు. రమణి మనసు ఊగలేదంటే అది అబద్ధమే. అయినా ఆ కాగితం పక్కకు తోసి అంది:

"మీ పిల్లకి నేను చదువు చెప్పలేదని రాయాలి సుక్రూ. రేపు చిట్టి ఆ కాగితం చదివితే దానికి ఏటి చెప్పను?"

ఉన్నది ఉన్నట్టే రాసిచ్చింది. పైసా తీసుకోకుండా చెప్పిన అక్షరం ఉద్యోగం ఎలా అయిందని జడ్జి ఆఫీసు లాయరును అడిగారు. భృతి బకాయిలతో చెల్లించాలనీ, విచారణ ఎనిమిది వారాల్లో ముగించాలనీ తీర్పు వచ్చింది.

ఆ శుక్రవారం సుక్రు సంబరపడిపోయాడు. "గెలిసేసినాం గదా మేడం," అన్నాడు.

రమణి బడి ఉన్న కొండ వైపే చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

"విచారణ చెయ్యమనే నేనూ అంటున్నాను సుక్రూ. తప్పుంటే శిక్ష వెయ్యనీ. ఏదీ తేల్చకుండా ఇన్నాళ్ళు నన్ను బయట కూర్చోబెట్టారు. ఆపిన సగం జీతం కోర్టు ఇప్పించింది. చిట్టికి పోయిన ఆరో తరగతి ఎవరిప్పిస్తారు?"