బఠాణి తూకం

ఆదివారం పొద్దున పప్పుల కొట్లో మూటలు తూచే కాటా మీద బఠాణి ఎప్పటిలాగే బుద్ధిగా కూర్చుంది. ఎనిమిది వారాలుగా ఎక్కుతున్న కాటా కాబట్టి దానికి పద్ధతి తెలుసు. ఎక్కాలి, కదలకుండా కూర్చోవాలి, కొట్టు యజమాని వెంకటాచలపతి ముఖం వాడిపోయాక దిగాలి. ఇరవై ఆరు కిలోల మూడు వందల గ్రాములు. పోయిన వారం కంటే వంద గ్రాములు ఎక్కువ.

పదేళ్ళ కిందట గోవిందప్ప నాయకన్ వీధిలోని ఇదే కొట్లో, బఠాణీల మూట వెనక కళ్ళు తెరవని పిల్లగా దొరికిన నాటుకుక్క అది. అప్పుడు అరచేతిలో పట్టేది. ఇప్పుడు చింతాద్రిపేట ఇంట్లో నడవకు అడ్డంగా పడుకుంటే మనుషులే చుట్టు తిరిగిపోవాలి. వెనక కాలి మోకీలు అరిగిపోయి, మెట్టెక్కే ముందు ఆగి కాసేపు ఆలోచిస్తుంది. ఆరు నెలల్లో ఇరవై రెండు కిలోలకు దిగితే ఆ కాలే దాన్ని మోస్తుందనీ, లేకపోతే ఆపరేషన్ తప్పదనీ, ఈ వయసులో మత్తిస్తే తిరిగి లేస్తుందని తాను మాటివ్వలేననీ వేపేరి కుక్కల డాక్టరమ్మ షాలిని చెప్పింది. వెంకటాచలపతికి ఆ చివరి ముక్క ఒక్కటే వినబడింది. ఆ వారమంతా ఆయనకు ముద్ద దిగలేదు.

ఇంటి వంటే పెట్టమంది డాక్టరమ్మ. ముందు కోడిమాంసం అని రాసి, ఎదురుగా కూర్చున్న దంపతుల ముఖాలు చూసి, కొట్టేసి గుడ్డు అని రాసింది. కొంచెం బియ్యం, పెసరపప్పు, గుమ్మడికాయ, బీన్సు కలిపి ఉడికించాలి. ఉప్పు వద్దు, ఉల్లిపాయ అసలే వద్దు. మీద చల్లడానికి ఏదో పొడి. పూటకు పావుకిలో, రెండు పూటలు, అంతకు మించి మెతుకు పెట్టకూడదు. తూకం సరిగా వేయగలరా అని ఆవిడ అడిగినప్పుడు వెంకటాచలపతి నవ్వాడు. అమ్మా, తూకంలో నాది తప్పు రాదు అన్నాడు. యాభై ఏళ్ళుగా కాటా పట్టిన మనిషి ఆ మాటనకపోతే ఇంకెవరంటారు.

నాలుగు తరాలుగా గుడ్డు గడప దాటని ఇల్లది. అందుకని మేడ మీద వేరే స్టవ్వు, వేరే కుండ వెలిశాయి. వ్యాసర్పాడి నుంచి ఇరవై ఏళ్ళుగా వచ్చి పనిచేస్తున్న లూర్దుమేరి ఆ వంటకు ఒప్పుకుంది. వెంకటాచలపతి భార్య వాసవాంబ కూరగాయలు తరిగి మెట్ల దాకా తెచ్చిచ్చేది, పైకి మాత్రం వెళ్ళేది కాదు. తూచే పని వెంకటాచలపతి ఎవరికీ ఇవ్వలేదు. తాతగారి ఇత్తడి త్రాసు చింతపండు పెట్టి తోమించి, పొద్దునా సాయంత్రం తానే మేడెక్కి, పావుకిలో రాయి వేసి తూచేవాడు.

ఇంత జరిగీ కాటా ముల్లు కిందికి దిగలేదు. అంటే ఇంట్లో దొంగ ఉన్నట్టే.

మొదటి అనుమానం పెళ్ళాం మీద. మొదటి వారం దోసె అంచులు పెట్టిన మాట నిజమేననీ, తర్వాత చెయ్యి కట్టేసుకున్నాననీ వాసవాంబ పూజగది వైపు తిరిగి ఒట్టేసింది. ఉప్పు లేని కూడు తిని బతికే ప్రాణిని చూడలేక తనే రెండు కిలోలు తగ్గాననీ చెప్పింది. అది నిజం. ఆవిడనూ కాటా ఎక్కించి చూశాడు.

ఇక మిగిలింది లూర్దుమేరి. టీలో ముంచుకునే బిస్కెట్లు నువ్వే పెడుతున్నావని, డాక్టరు ముందు నిలబడ్డంత గంభీరంగా అన్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో టీ తాగడం మానేసింది, వెళ్ళేటప్పుడు సంచీ విప్పి గడప దగ్గర చూపించి మరీ వెళ్ళింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది గానీ, కుక్క ప్రాణం ముందు మర్యాద చూసుకుంటే ఎట్లా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున ఆయన తూస్తుంటే లూర్దుమేరి గుడ్లు ఉడికించిన గిన్నె తోమడం ఆపి చూస్తూ కూర్చుంది. ఆయన రాయి వేశాడు, తూచాడు, తట్టలు రెండూ సమంగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. తూచింది బఠాణి పళ్ళెంలోకి వంచాడు. పళ్ళెం కింద పెట్టబోతుంటే ఆవిడ ఆపింది.

"అయ్యా, ఆ చెయ్యి ఇంగోసారి చూపించండి."

"ఏ చెయ్యి?"

"తూచినాక కుండలో పెట్టి పిడికెడు తీసి వేసినారే, ఆ చెయ్యి."

తాను అట్లాంటి పనేదీ చెయ్యలేదన్నాడు వెంకటాచలపతి. కుడిచేతి వేళ్ళకు గుమ్మడికాయ అంటుకుని ఉంది. ఆవిడ పళ్ళెంలోది మళ్ళీ తట్టలో పోసింది. తట్ట టక్కున కిందికి దిగింది. ఇవతల యాభై గ్రాముల రాయి, ఆపైన ఇరవై గ్రాములది వేస్తే గానీ సమం కాలేదు.

"ఇరవై ఏండ్లుగా మీ కొట్లోనే పప్పు కొంటా ఉండా. మీ చెయ్యి నాకు తెలీదా అయ్యా? కొసరు వెయ్యకుండా ఎప్పుడు పంపించినారు నన్ను?"

వెంకటాచలపతి తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తూచింది తూచినట్టే చేతిలో పెట్టడం మనిషిని వెళ్ళగొట్టడమే అనేవారు తాతగారు. తూకం ధర్మానికి, కొసరు మనసుకు. ఏడో ఏట నేర్చిన ఆ పని కోసం చెయ్యి ఆయన్ని అడగడం ఎప్పుడో మానేసింది. ఎనిమిది వారాలుగా, రోజుకు రెండుసార్లు, తన కుక్కను తానే ఆపరేషన్ బల్ల వైపు తోస్తున్నాడన్నమాట.

"తప్పు నాది మేరీ," అన్నాడు. ఆవిడ టీ పెట్టుకోవడానికి కిందికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పళ్ళెం పెట్టాడు. బఠాణి తినలేదు. కుండకేసి చూసింది, ఆయన చేతికేసి చూసింది, తోక ఒకసారి ఆడించి కూర్చుంది. బేరం ఇంకా పూర్తి కాలేదన్న నమ్మకం దానిది. చాలాసేపు ఎదురుచూసి, చివరికి తలదించుకుని తింది. మూడు రోజులు అట్లాగే జరిగింది. మూడో రోజు ఆయన కళ్ళు తుడుచుకోవడం వాసవాంబ మెట్ల మీది నుంచి చూసింది, గుమ్మడికాయ తరుగు తెచ్చిచ్చి దిగిపోయింది.

నాలుగో రోజు త్రాసు ముందు చాలాసేపు కూర్చున్నాడు. పావుకిలో రాయి తీసి పక్కన పెట్టాడు. వంద, యాభై, ఇరవై, పది వేశాడు. నూట ఎనభై గ్రాములు తూచాడు. తాతగారి కాలం నుంచీ ఆ త్రాసు మీద ఎవరూ పావుకిలో పేరు చెప్పి నూట ఎనభై తూచలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళెం దించి, కుండలోంచి పిడికెడు తీసి, బఠాణి చూస్తుండగా పైన వేశాడు. అది తోకాడిస్తూ పళ్ళెం నాకేదాకా తింది.

నాలుగు నెలలు తిరిగేసరికి వేపేరి కాటా ఇరవై ఒక్క కిలోల తొమ్మిది వందలు చూపించింది. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరమ్మ చీటీలో ఆ మాట కొట్టేసింది. మొదట్లో తగ్గని కుక్కను ఆ తర్వాత ఎట్లా తగ్గించారని అడిగింది.

"తూకంలో దగా చేసినానమ్మా," అన్నాడు వెంకటాచలపతి తలెత్తకుండా. "రోజుకు రెండుసార్లు."

బఠాణి బల్ల మీది నుంచి వంగి ఆయన కుడిచెయ్యి నాకింది.