ట్యూబు చుట్టిన దండెం

పళ్ల మధ్య ఫ్యూజు తీగ కరుచుకుని, నిచ్చెన మీద ఒంటికాలి మీద నిలబడి గట్టయ్య బోర్డు మూత తీశాడు. తీగ బిగించాడు. బల్బు వెలిగింది. కిందికి దిగగానే ఆ ఇంటి పోశవ్వ చాయ గ్లాసు అందించింది. తాగి, నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. గోదావరిఖనిలో లింగమూర్తి సావుకారి కిరాయిండ్ల వరుసలో అతని పొద్దు ఎప్పుడూ ఇట్లాగే పొడుస్తుంది.

పేరుకు వైర్‌మనే గానీ ఎవరితోనూ వైరం లేని మనిషి. పొట్టివాడు. నిచ్చెన మోసీ మోసీ కుడిభుజం కిందికి వాలింది. మొద్దుబారిన అతని వేళ్లకు చిన్న షాకులు చక్కిలిగింతలతో సమానం. పై జేబులో టెస్టరు, దాని పక్కనే బీడీలు. ఓసారి తొందరలో టెస్టరు నోట్లో పెట్టుకున్నాననీ, అదీ వెలిగేదే కదా అనీ తనే చెప్పి అందరినీ నవ్వించేవాడు.

గనులు కొత్తగా తెరిచిన రోజుల్లో ఈ వరుసకు కరెంటు పెట్టింది అతనే. గోడకో ఇనుప పైపు, అందులోంచి ఇంట్లోకి రెండు తీగలు. కారిన కరెంటును భూమిలోకి దించే మూడో తీగ, ఎర్త్ తీగ, కావాలని అప్పుడు ఎవరూ అడగలేదు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, బొగ్గు డబ్బాలు లాగే ఇనుప తాడు అరిగిపోతే కార్మికులు దాని పోగొకటి ఇంటికి తెచ్చుకుని దండెం కట్టుకునేవాళ్లు. బొగ్గునీళ్లకు నార తాడు కుళ్లుతుంది, ఇనుప పోగు కుళ్లదు. ఒక కొస చెట్టుకు. రెండో కొసకు గుంజ పాతే ఓపిక ఎవరికుంది? కరెంటు పైపుకే. నిచ్చెన ఉన్నవాడు కదా అని ఆ ముడులు కూడా గట్టయ్యే వేశాడు.

కిందటేడు కొత్త రూలొచ్చింది. ఎర్త్ లేని కొత్తింటికి కనెక్షన్ లేదు. పాతిండ్ల సంగతేమిటని గట్టయ్య ఆఫీసులో అడిగొచ్చాడు. పాతవి పాతట్లే ఉండొచ్చట. కానీ ఒక్క తీగ మార్చినా ఇల్లంతా కొత్త రూలు కిందికొస్తుందట, అంతదాకా కరెంటు బందట. ఆ జవాబులో మొదటి సగం సావుకారికి నచ్చింది, పాతవాటిని ముట్టొద్దన్నాడు. రెండో సగం కిరాయిదార్లను భయపెట్టింది, వానకాలం చీకట్లో ఉండలేమన్నారు. అందరి మాటా కాదనలేని గట్టయ్య ఏదీ ముట్టలేదు. షాకు తగలకుండా చూడాల్సినవాడు సాకు చెప్పడం నేర్చుకున్నాడు.

ఆ పొద్దు ముసురు పట్టి, అప్పుడే కాస్త తెరిపిచ్చింది. చివరింటి లస్మవ్వ వేళ్లు రుద్దుకుంటూ ఎదురొచ్చింది. ఆమె పెనిమిటి ఎల్లన్న గట్టయ్యను బావా అంటాడు, ఆ లెక్కన ఆమె ఇతనికి చెల్లె.

"అన్నా, వానొస్తె దండెం గుంజుతాంది. ఇయ్యాల మోచేతి దాక గుంజింది."

గట్టయ్య టెస్టరును పైపుకు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. లోపల తీగ మీది రబ్బరు చీకిపోయి ఇనుముకు తగులుతోంది.

"కరెంటు బందు చేయిస్తవా ఏంది? పోరగాండ్లు చీకట్ల భయపడ్తరే," అందామె.

పైపు విప్పితే ఇల్లు ముట్టినట్టే. పోనీ, దండెమన్నా విప్పి వేరే గుంజకు కట్టొచ్చు. చెయ్యి ముడి దాకా పోయింది. కానీ ఆ ముడి తనది. ఆమె ముందర విప్పితే ఇన్నేళ్లు తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి, ముడి చుట్టూ బిగించి చుట్టాడు. లోపల దండెం ఇనుము పైపును తాకుతూనే ఉంది.

"కరెంటు మీ అన్నకు దోస్తు, చెల్లె. నిన్ను జెర పలకరిస్తాంది, గంతే."

లస్మవ్వ నవ్వింది. నవ్వుతూనే ఎల్లన్న తడి డ్యూటీ చొక్కా ఎత్తుకుని దండెం వైపు నడిచింది. గట్టయ్య వెనక్కి చూడలేదు.

బజార్లో హోటలు ఫ్యాను బాగుచేస్తుంటే వాన మళ్లీ అందుకుంది. రేకుల మీద చినుకు మోగినప్పుడల్లా అతని కళ్లముందు టెస్టరు ఎర్రగా వెలిగింది. పని సగంలో వదిలి కర్రల అడితికి పోయి, సరుగుడు గుంజ ఒకటి ఎత్తుకున్నాడు. లస్మవ్వ ఎందుకని అడిగితే ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాడు. పాత ముడి వదులైందని చెబుదామనుకున్నాడు. మళ్లీ సాకే.

ఆమె అడగలేదు. ఆమెను అప్పటికే చాప మీద పడుకోబెట్టి, మొహం మీద కొంగు కప్పారు. వాకిట్లో బురద, బురదలో ఒక చెప్పు. వానకు చొక్కా తియ్యబోతే పిడుగు పడ్డదని ఎవరో అంటున్నారు. ఎవరో ఫ్యూజు పీకేశారు. పిల్లలు భయపడే చీకటి ఆ ఇంట్లోకి రానే వచ్చింది.

ఎల్లన్న బొగ్గు మొహంతోనే గోడకు కూలబడి ఉన్నాడు. తలెత్తి చూశాడు.

"ట్యూబు సుట్టినవట గద బావ. బాయి కాడికి సద్ది ఇయ్యవచ్చినప్పుడు చెప్పింది, మా అన్న మంచిగ జేసిండని. నీ తప్పేం లేదు."

ఆ ముడి తనదేనని చెప్పాల్సింది పోయి, గట్టయ్య జేబులోని టెస్టరును అరచేత్తో కప్పుకున్నాడు. గుంజను ఎవరి కంటా పడకుండా గోడవార నెమ్మదిగా పడుకోబెట్టి, తల వంచుకుని వానలోకి నడిచాడు.

దండెం మీద డ్యూటీ చొక్కా చేతులు కిందికి వేలాడేసి తడుస్తోంది. పైపు దగ్గర, అతను బిగించింది బిగించినట్టే, ట్యూబు ముక్క నల్లగా నిగనిగలాడుతోంది.