పసరంటిన కండె

పోచవ్వ రాట్నం ఆపి కొంగుతో కళ్ళు అద్దుకుంది. అద్దుకున్న కొద్దీ మంట ఎక్కువైంది. కళ్ళు మూసుకొనే మళ్ళీ రాట్నం తిప్పింది.

కండె చుట్టడానికి ఆమెకు చూపుతో పెద్దగా పని లేదు. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే, నూలు పోగు ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి జారి కండె మీదికి ఎక్కుతుంది. ముడి ఉంటే బొటనవేలికి తగులుతుంది. చక్రమంటే పాత సైకిలు రిమ్ము. కదురు దగ్గర నూనె చుక్క వెయ్యకపోతే కిర్రుమని ఏడుస్తుంది. ఆ ఇంట్లో ఏడిస్తే వెంటనే పట్టించుకొనేది దాన్ని ఒక్కదాన్నే.

సిద్దిపేటలో ఆ సందు నిండా ఒకప్పుడు మగ్గాల చప్పుడు ఉండేది. ఇప్పుడు రెండిళ్ళలో వినిపిస్తుంది. అందులో ఒకటి ఆమె భర్త లింగమూర్తిది. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్కనే రాట్నం. అతను గుంటలో కాళ్ళు పెట్టుకొని తెల్లచీరె మీద గొల్లభామ బొమ్మలు నేస్తాడు. ఆమె నేల మీద కూర్చొని కండెలు చుడుతుంది. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోతే అతను తల తిప్పకుండా చెయ్యి చాస్తాడు.

“కండె.”

ఆమె అందిస్తుంది. రోజంతా ఇద్దరి మధ్య నడిచే మాటల్లో సగం ఆ ఒక్క మాటే.

పోచవ్వ పుట్టింది మద్దూరులో. అక్కడా రాట్నమే. పెళ్ళయి వచ్చాక ఇక్కడా రాట్నమే. మధ్యలో ఒక్కసారి మాత్రం గుంటలో కూర్చుంది. లింగమూర్తి భీవండి పోయి పవర్లూములో పనిచేసిన రోజులవి. పసిబిడ్డను మగ్గం పక్కన పండబెట్టుకొని ఆమే గొల్లభామలు నేసింది. అట్లా నేసిన చీరెల్లో ఒకదాన్ని చేనేత సంఘం వాళ్ళు అద్దాల బీరువాలో పెట్టారు. లింగమూర్తి తిరిగొచ్చాక ఎవరో పెద్దమనిషి ఆ చీరె చూసి అతని భుజం తట్టాడు. నేతగాడి కార్డు అతని పేరు మీదే ఉంది మరి. లింగమూర్తి నవ్వి నమస్కారం పెట్టాడు. పోచవ్వ అక్కడే నిలబడి ఉంది. ఇంటికొచ్చి, మగ్గం దగ్గర తను వేసుకొని కూర్చునే గోనెపట్టా తీసి రాట్నం ముందు పరుచుకుంది. ఆ సంగతి మీద ఆనాడు మాట లేదు, తర్వాతా లేదు.

ఎండలు మొదలైనప్పుడు ఆమెకు కళ్ళు దురద పెట్టాయి. నూలు దుమ్ము అనుకుంది. తర్వాత ఒళ్ళంతా దురద. అన్నం సయించలేదు. బిందె ఎత్తితే ఆయాసం. మూత్రం పసుపుగా పోతోంది. అది ఎవరికీ చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని ఆమెకు తెలియదు.

లింగమూర్తికి మందు తెలుసు. రెండేళ్ళ కిందట అతని కళ్ళు కూడా దురద పెట్టాయి. దౌల్తాబాద్ వైపు నుంచి ప్రతి ఆదివారం వచ్చే రాజమల్లయ్య దగ్గర ఆకుపసరు తాగాడు, తగ్గింది. తాగకపోయినా తగ్గేదేమోనన్న ఆలోచన అతనికి రాలేదు. రాజమల్లయ్య లెక్క ప్రకారం కళ్ళ దురద కళ్ళలో పుట్టదు, కార్జంలో, అంటే కాలేయంలో పుడుతుంది. కార్జానికి మురికి పడితే ఆ వేడి కళ్ళకెక్కుతుంది. కార్జం కడిగితే కళ్ళు చల్లబడతాయి. అందుకని పసరు సగం కడుపులోకి, మిగిలింది కళ్ళలోకి. ఆ రోజుల్లో ఉప్పు తినకూడదు, నూనె తినకూడదు, వేరే మందు ముట్టకూడదు. పసరు సంగతి దవాఖానలో చెప్పకూడదు. చెబితే పట్టు పోతుంది.

అప్పటికే రెండు ఆదివారాలు పసరు పోయించుకున్న పోచవ్వ చెప్పలేదు. మొన్న కూతురు ప్రియాంక బలవంతం మీద దవాఖానకు పోయినప్పుడు, డాక్టరమ్మ ఎర్రగా ఉబ్బిన కళ్ళు చూసి, “వీటిలో ఏమైనా వేసుకున్నారా?” అని అడిగింది. లేదంది పోచవ్వ. డాక్టరమ్మ చుక్కల మందు రాసి, నెత్తురు పరీక్ష చేయించుకొమ్మంది. చుక్కల సీసా మూత విప్పకుండా దేవుడి గూట్లో ఉంది. పరీక్షకు పోలేదు.

ఇవాళ ఆదివారం. గుమ్మం ముందు ఆటో ఆగింది. ప్రియాంక దిగింది. ఆమె ఊళ్ళోనే బట్టల దుకాణంలో పనిచేస్తుంది. సెలవు అడుక్కొని వచ్చింది.

“అవ్వా, ఇంక రాట్నం ముంగటనే కూసున్నవా? లే, ఆటో నిలవెట్టిన.”

“ఏడికే?”

“ఏడికేంది? నెత్తురు పరీక్షకు. వస్తనని ఫోన్ల ఒప్పుకోలే?”

“గియ్యాల ఐతారం గదనే.”

“ఐతారమైతేంది, ఎమర్జెన్సీ తెరిచే ఉంటది. నీ కండ్లు అద్దంల సూస్కున్నవా? పండుమిరపకాయల లెక్క ఉన్నయి.”

లింగమూర్తి మగ్గం ఆపలేదు. “ఎర్రగుంటె మంచిదేనే. మురికి ఎల్లుతున్నది. నీకేం ఎరుక, చీరెలు మడతవెట్టుడు ఎరుక.”

“నువ్వు నేసినయే మడతవెడ్తున్న బాపూ. మడతవెట్టి సూపెట్టెటోళ్ళు లేకుంటె నీ గొల్లభామల మొకం ఎవలు సూస్తరు?”

“గియ్యాలతోని పసరు ఆఖరు. మూడు ఐతారాలు తాగాలన్నడు. నడుమల ఆపితె ఎన్కకు తంతది.”

“తన్నేది నిన్ను గాదు గదా, అవ్వను.”

లింగమూర్తి మగ్గం ఆపాడు. పోచవ్వకు ఆ నిశ్శబ్దం తెలుసు. అది ఎంత దూరం పోతుందో తెలుసు. బిడ్డ చెయ్యి పట్టుకుంది.

“రేపొస్త బిడ్డ. ఒక్క దినం. తాగిన పసరు మట్టిల గలవొద్దు.”

“రేపు మల్ల ఇంకో మాట జెప్తవు.”

“చెప్ప. రేపు దవాఖానల్నే ఉంట. నీ తోడు.”

ప్రియాంక ఒక్కతే ఆటో ఎక్కింది. ఆటో ఉత్తగా వెనక్కి పోయింది.

మెదక్ రోడ్డు మీద మూతపడ్డ రైసుమిల్లు ఒకటి ఉంది. దాని వరండాలో రాజమల్లయ్య కూర్చుంటాడు. ఉతికిన బనీను, ఇత్తడి గిన్నె, ముందర మడతపెట్టిన తెల్లగుడ్డలు. పైసలు ముట్టడు. కొబ్బరికాయ తీసుకుంటాడు, అంతే. పైసలు ముట్టనివాడు అబద్ధం ఆడడని జనం నమ్మకం. అతను నిజంగానే అబద్ధం ఆడడు. తను చెప్పేదాన్ని తనూ నమ్ముతాడు. అటువంటివాడితోనే ఎక్కువ ప్రమాదం.

లింగమూర్తి మోపెడ్ దింపేసరికి వరుస గేటు దాకా ఉంది. సందులో ఎదురింటి బాలవ్వ తన మొగుణ్ణి తీసుకొచ్చింది. పోచవ్వను చూసి నవ్వింది.

“ఏం పోచవ్వా, కల్లు దుకాణం నుంచి సక్కగ ఇటే మలిగినవా? కండ్లు గట్లున్నయి.”

“నీకు మిగిలిద్దామనే చూసిన అక్కా. మా ఆయిన సీసలు గూడ నాకిండు.”

వరుసలో నలుగురు నవ్వారు. లింగమూర్తి కూడా నవ్వాడు. నవ్వుతుంటే పోచవ్వకు కడుపు కుడివైపు పట్టేసింది. చెయ్యి పెట్టుకొని నిలబడింది. ఎవరూ చూడలేదు.

ఆమె వంతు వచ్చింది. రాజమల్లయ్య గిన్నె అందించాడు. చేదుకు నోరు ముడుచుకుపోయింది. తర్వాత తల వెనక్కి వంచి, గుడ్డ పిండి, రెండు కళ్ళలో పోశాడు. నిప్పు పోసినట్టయింది. పోచవ్వ అరవలేదు. లింగమూర్తి ఆమె భుజాలు పట్టుకొని ఉన్నాడు. మెల్లగానే పట్టుకున్నాడు.

నీళ్ళు ధారగా కారాయి. రాజమల్లయ్య తెల్లగుడ్డతో వాటిని తుడిచి, గుడ్డ పైకెత్తి అందరికీ చూపించాడు. పసుపు, పచ్చ కలిసిన మరక.

“సూడు చెల్లె, సూడు. కార్జంల గింత మురికి వెట్టుకోని ఎట్ల తిరుగుతున్నవు?”

వరుసలో ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. ఆకురసం తెల్లగుడ్డకు అంటితే ఆ రంగే వస్తుంది. అక్కడున్నవాళ్ళలో సగంమంది నూలుకు రంగు పట్టించి బతికినవాళ్ళు. ఏ చెట్టు బెరడు ఏ రంగు ఇస్తుందో, ఎన్ని ఉతుకులకు పోతుందో చెప్పగలరు. ఆ గుడ్డ మీదిది ఏ రంగని ఒక్కరూ అడగలేదు.

“అన్నా, మంట ఎన్నడు తగ్గుతది?” అంది పోచవ్వ.

“మంట లేదంటె మందు పన్జేస్తలేదన్నట్టు. పన్జేస్తున్నది చెల్లె, మంచిగ పన్జేస్తున్నది.”

ఇంటికొచ్చాక ఆమె ఉప్పులేని జావ రెండు గుక్కలు తాగి రాట్నం ముందు కూర్చుంది. గంపలో అప్పటికే ఆ రోజుకు సరిపడా కండెలు ఉన్నాయి. అయినా కొత్త నూలు లడి విప్పింది.

“ఇంక ఎన్ని సుడ్తవు? పండుకోరాదు” అన్నాడు లింగమూర్తి.

“రేపు నేను దవాఖానల ఉంట గదా. నీకు కండెలు తక్కువ గావద్దు.”

“పొద్దుమీకి వస్తవు గదా.”

“వస్త. అయినా.”

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి దిగి రాట్నం మీద పడింది. ఆమెకు అది మసక తెలుపుగా కనబడింది, అంతే. కళ్ళలోంచి ఇంకా పసరు ఊరుతోంది. బొటనవేలితో తుడుచుకొని అదే వేలితో పోగు పట్టుకుంది. వేలి పచ్చదనం తెల్లనూలుకు అంటిన సంగతి ఆమె చూడలేదు. వేలికి తగిలేది ముడి. రంగు తగలదు.

మగ్గం కొడుతూనే ఉంది. గొల్లభామలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. పాదాలు, పావడా, నడుము, ఆపైన తల, తల మీద కుండ. ఆ బొమ్మ ఆమె చేతులకు ఇంకా గుర్తే. మగ్గం చప్పుడు ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో దాన్నిబట్టి, ఆయన ఇప్పుడు నడుము దగ్గర ఉన్నాడు, ఇప్పుడు భుజం దగ్గర, అని చెప్పగలదు. ఎన్నేళ్ళుగానో ఆ మగ్గాన్ని ఆమె చెవులతో నేస్తోంది.

కాసేపయ్యాక అడిగింది. “ప్రియ బడి నుంచి వచ్చిందా?”

లింగమూర్తి తల తిప్పాడు. ప్రియాంక బడి మానేసి ఎన్నేళ్ళో అయింది. పెళ్ళి కూడా అయింది.

“ఎండ తాకిందా ఏంది నీకు? జరసేపు ఒరుగు.”

“ఇదొక్కటి” అంది పోచవ్వ.

ఆ ఒక్కటి చుట్టింది. తెంపి గంపలో వేసింది. గోనెపట్టా మీద రాట్నం వైపు తిరిగి పడుకుంది. రిమ్ము కొంతసేపు తనంతట తాను తిరిగి ఆగింది.

లింగమూర్తి మగ్గం ఆపలేదు. కండె అయిపోతే, నిద్ర పాడవుతుందని తనే వంగి గంపలోంచి తీసుకున్నాడు. అలా తీసుకోవడం అతనికి బహుశా అదే మొదలు. ఆమె గురక కొంచెం గట్టిగా ఉందనుకున్నాడు. పసరు దిగుతోందనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు చాయ్ కోసం లేపాడు. లేవలేదు. భుజం పట్టి కుదిపాడు. చెయ్యి నేల మీదికి జారింది.

లింగమూర్తి చెడ్డవాడు కాడు. ఆ మాట అని చాలామంది చేతులు కడిగేసుకుంటారు.

దవాఖానలో డాక్టరమ్మ పోచవ్వ రెప్పలు విప్పి లైటు వేసి చూసింది. నెత్తురు పరీక్ష కాగితం వచ్చాక తండ్రీకూతుళ్ళను బయటికి పిలిచింది.

“కాలేయం చాలా పాడైంది. మొదట్లో తెలిస్తే ఏదో ఒకటి చేసేవాళ్ళం. కామెర్లతో కళ్ళు పచ్చబడితే ఇంట్లోవాళ్ళకే తెలిసిపోతుంది. ఈ ఎరుపు కింద ఆ పచ్చదనం ఎవరికి కనబడుతుంది? ఏం పోశారు ఈ కళ్ళల్లో?”

ప్రియాంక తండ్రి వైపు చూసింది. లింగమూర్తి గోడ వైపు చూశాడు.

సోమవారమంతా పోచవ్వ దవాఖానలోనే ఉంది. బిడ్డకు ఇచ్చిన మాట తప్పలేదు. మంగళవారం తెల్లవారుతుండగా నర్సు వచ్చి ప్రియాంకను లేపింది. ఏడుపు లేదు, పెనుగులాట లేదు. ఊపిరి ఎప్పుడు ఆగిందో పక్క మంచం వాళ్ళకు కూడా తెలియలేదు.

దినాలు అయ్యాయి. చుట్టాలు పోయారు. ప్రియాంక దేవుడి గూట్లోని చుక్కల సీసా తీసి పారేసింది. పోతూ గుమ్మంలో నిలబడి అంది.

“బాపూ, ఆ మిల్లు కాడికి పోయేటోళ్ళకన్న చెప్పు. మా అవ్వకు గిట్లయిందని నీ నోటితోని చెప్పు.”

లింగమూర్తి తల ఊపాడు.

మర్నాడు మగ్గం మీద కూర్చున్నాడు. గంప నిండా కండెలు. ఒక్కొక్కటే తీసి నేశాడు. ఒక కండె నాడెలో పెట్టబోతూ ఆగాడు. నూలు మీద పచ్చటి మరక. వేలి ముద్ర. తెల్లచీరెలో పడితే సంఘం వాళ్ళు తీసుకోరు. దాన్ని కిటికీలో పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

శనివారం సాయంత్రం బాలవ్వ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

“లింగన్నా, మా ఆయినకు ఇంకో ఐతారం మిగిలింది. రేపు తోల్కపోదునా, వద్దా? నువ్వే చెప్పు. నీకు ఎరుకైనట్టు ఎవలకు ఎరుక?”

లింగమూర్తి నాడె చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. చెప్పడానికి రెండు మాటలు చాలు. అవి చెబితే, వరండాలో పోచవ్వ భుజాలు పట్టుకున్న చేతులు ఎవరివో కూడా చెప్పాలి.

“నీ ఇష్టం బాలవ్వా” అన్నాడు.

ఆమె గుమ్మం దిగి పోయింది. అతను నాడె విసిరాడు. ఇంకో నాలుగు పోగులకు కండె అయిపోయింది. సగం లేచిన గొల్లభామకు ఇంకా తల పడలేదు. తల తిప్పకుండా పక్కకు చెయ్యి చాచాడు.

“కండె.”

చెయ్యి అట్లాగే ఉంది. తర్వాత గంపలోకి చూశాడు. ఖాళీ. మగ్గం చప్పుడు ఆగిన గదిలో మిగిలింది కిటికీలో పెట్టిన కండె ఒక్కటే. దాని తెల్లనూలు మీద పోచవ్వ బొటనవేలి ముద్ర, పెట్టిన నాడు పచ్చగా ఉన్నది, ఎండకు ఎండి ఇప్పుడు పసుపురంగుకు తిరిగింది.